ఇంటి రూటరు – దాని అమరిక, దాని కాపుదల

ఈ సంవత్సరపు సంచికకు ఉపయోగకరమగు వ్యాసమొకటి వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు, ఏ విషయమును గూర్చి వ్రాయుదునా యని కొంతసేపు ఆలోచించితిని. మన విద్యార్థులలో పెక్కుమంది యిండ్లలో నేడొక చిన్న పెట్టె గలదు. అది గోడకు వ్రేలాడుచు, చిన్న దీపములను మినుకుమను నట్లు చేయుచు, రేయింబవళ్లు పని చేయుచుండును. దానిని రూటరు అందురు. దానికి నెలనెల రుసుము చెల్లించుట అందరికిని తెలియును. దానికి తాళము వేయుట మాత్రము కొలదిమందికే తెలియును. నాకును మొన్నమొన్నటి వరకు తెలియదు. తెలియకపోవుటచే కలిగిన చిక్కును మొదట చెప్పి, పిమ్మట విషయమును వివరించెదను.

మా యింట రూటరు బిగించిన పనివాడు, వై-ఫై పాస్‌వర్డుగా నా సెల్లు నంబరునే పెట్టి, "మీకు గుర్తుండునండీ" అని చెప్పి వెళ్లెను. నేనును సంతోషించితిని. కొన్ని నెలలకు, రాత్రి ఎనిమిది గంటలు దాటగానే లైను నత్తవలె నడువసాగెను. మా పెద్దమ్మాయి ఇంజనీరింగు ప్రవేశమునకు వెబ్ ఆప్షన్లు పెట్టవలసిన కడపటి రాత్రి, పేజీ తెరచుకొనక, బిడ్డ కన్నీరు పెట్టుకొనెను. చివరకు సెల్లు ఫోనులోని డేటాతో ఎటులో పని ముగించితిమి. మరునాడు రూటరు లోపలి పట్టికను తెరచి చూడగా, మా యింట ఐదు సాధనములే యుండగా, అందు పదునాలుగు కనబడెను! నాకు మిక్కిలి కోపము వచ్చెను. అందుకు నా భార్య, "వీధి తలుపు తెరచి పెట్టినది మనము. లోనికి వచ్చినవారిని మాత్రము తిట్టిన నేమి లాభమండీ?" అనెను. ఆ మాట నిజము. ఆ పట్టికలోని ఒక ఫోను తన యజమాని పేరుతోనే కనబడెను. ఆ పేరు నా తరగతి హాజరుపట్టీలోనిదే. ఆ సంగతి కడపట చెప్పెదను.

ఇక రూటరనగా నేమి? ఒక హాస్టలును తలచుకొనుడు. అందు నూరుగురు పిల్లలున్నను, తపాలావానికి తెలిసిన చిరునామా ఒక్కటే. ఉత్తరములన్నియు వార్డెనుకు చేరును. ఆయన ఏది ఎవరిదో చూచి పంచిపెట్టును. రూటరు చేయునది ఆ వార్డెను పనియే. ఇంటర్నెట్టులో ప్రతి సాధనమునకును ఐ.పి. చిరునామా యను సంఖ్య యుండవలెను. మొదట ఏర్పడిన పద్ధతి ప్రకారము అట్టి సంఖ్యలు మొత్తము 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 మాత్రమే. లోకమందలి సాధనములకు ఇవి చాలవు. కనుక ఇంటి కంతకు వెలుపలి చిరునామా ఒక్కటి యుండును. ఇంటిలోపలి సాధనములకు 192.168 అను అంకెలతో మొదలగునట్టి లోపలి చిరునామాలను రూటరే పంచిపెట్టును. ఇట్టి లోపలి సంఖ్యల యేర్పాటు 1996లో స్థిరపడినది.

ఇందు వలన ఒక ముఖ్యమైన ఫలితము కలుగుచున్నది. మీ యింటి వై-ఫై ద్వారా ఎవ్వరు ఏమి చేసినను, వెలుపలి లోకమునకు అది మీ యింటి చిరునామా నుండి వచ్చినట్లే కనబడును. 2008 జూలై 26న అహమ్మదాబాదులో బాంబులు ప్రేలుటకు కొన్ని నిమిషములు ముందుగా, వార్తాసంస్థలకు ఒక బెదిరింపు ఈ-మెయిలు చేరెను. అది ఎక్కడి నుండి వచ్చెనని పోలీసులు వెదకుచు పోగా, నవీ ముంబయిలో ఒక అమెరికా దేశస్థుడు కాపురమున్న యింటి లైను కడకు చేరిరి. ఆయన వై-ఫైని పరులు వాడుకొనినట్లు తరువాత తెలియవచ్చెను. తాను చేయని పనికి ఆ గృహస్థుడు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెను. కావున ఇది నెల డేటా తరుగుదలకు మాత్రమే సంబంధించిన విషయము కాదు.

ఇప్పుడు అమరికను చూతము. మొదటిది, స్థలము. వై-ఫై యనునది రేడియో తరంగము. ఇనుప బీరువా, రిఫ్రిజిరేటరు, నీటితొట్టి, కాంక్రీటు గోడ – ఇవన్నియు దానిని అడ్డగించును. కనుక రూటరును ఇంటి నడుమ, ఎత్తున నుంచవలెను. అందమునకై దానిపై అల్లికగుడ్డ కప్పరాదు. వేడి వెలుపలికి పోవుటకు దారి యుండవలెను. చాల రూటర్లు రెండు విధములగు తరంగములను పంపును. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగము దూరము పోవును, గోడలను దాటును, కాని వేగము తక్కువ. 5 గిగాహెర్ట్‌జ్ తరంగము వేగము గలది, కాని గోడలకు త్వరగా లోబడును. ప్రక్కగదిలో చదువుకొనువారు రెండవదానిని, దూరపుగదిలోనివారు మొదటిదానిని కలుపుకొనుట మేలు.

రెండవది, తీగలు. గాజుతీగ లైనులో వెలుతురు ప్రయాణము చేయును. గాజును చాలినంత శుద్ధి చేసినచో వెలుతురు దానిలో బహుదూరము పోగలదని 1966లో చార్లెస్ కావో అను శాస్త్రజ్ఞుడు తెలిపెను. అందులకు ఆయనకు 2009లో నోబెల్ బహుమానము లభించెను. ఆ సన్నని తీగను మడత పెట్టరాదు, మేకుకు చుట్టరాదు. వంపు మిక్కుటమైనచో వెలుతురు దారి తప్పును. పెట్టెపై ఎల్.ఓ.ఎస్. అని వ్రాసియున్న దీపము ఎఱ్ఱగా వెలిగినచో, వెలుతురు లోనికి చేరుట లేదని అర్థము. అప్పుడు రూటరును మాటిమాటికి ఆపి వెలిగించుట వలన ఫలము లేదు. లైను మనిషిని పిలువవలెను. వెనుక నున్న సూదిబెజ్జపు రీసెట్ మీటను పిల్లలు నొక్కరాదు. అది కంపెనీవారు పెట్టిన లైను వివరములను కూడ తుడిచివేయవచ్చును.

ఇక కాపుదల. ఇక్కడ చాలమంది పొరపడుచున్న సంగతి యొకటి గలదు. రూటరునకు తాళములు రెండు. వై-ఫై పాస్‌వర్డు వీధి తలుపు తాళము వంటిది. రూటరు లోపలి పేజీని తెరచు పాస్‌వర్డు, ఇంటి తాళపుచెవులన్నియు నుంచిన పెట్టె తాళము వంటిది. మొదటిదానిని మార్చి రెండవదానిని మరచువారే యెక్కువ.

ఆ లోపలి పేజీని తెరచుటకు, రూటరుతో కలిపిన కంప్యూటరులోగాని ఫోనులోగాని బ్రౌజరు తెరచి, పెట్టె అడుగున అంటించిన చీటిలోని సంఖ్యను – పెక్కింట అది 192.168.1.1 గాని 192.168.0.1 గాని యగును – వ్రాయవలెను. అప్పుడు పేరును పాస్‌వర్డును అడుగును. అనేకములగు పెట్టెలలో రెండును "అడ్మిన్" అనియే యుండును. ఇది లోకమందలి దుర్మార్గులందరికిని తెలిసిన మాట. 2016లో మిరాయ్ అను చెరుపు ప్రోగ్రాము ఇట్టి ఫ్యాక్టరీ పేర్లు, పాస్‌వర్డులు సుమారు 60 జతలను మాత్రమే వరుసగా ప్రయత్నించుచు, లక్షలకొలది కెమెరాలను, రూటర్లను వశపరచుకొనెను. అట్లు వశమైన పెట్టెల మూకుమ్మడి దాడి వలన ఆ సంవత్సరము అక్టోబరు 21న ట్విట్టరు మొదలగు పెద్ద వెబ్‌సైట్లు పెక్కుమందికి కొన్ని గంటలు అందకపోయెను. కనుక అమరికలో మొట్టమొదట చేయవలసిన పని ఈ లోపలి పాస్‌వర్డును మార్చుట. మార్చినదానిని ఒక నోటుపుస్తకములో వ్రాసి బీరువాలో భద్రపరచుట తప్పు కాదు.

తరువాత వై-ఫై పాస్‌వర్డు. ఇక్కడ మన గణితము ఉపయోగపడును. వీధిలో నిలిచిన వాడొకడు, మీ ఫోను రూటరుతో కలియునప్పుడు జరుగు సంభాషణను పట్టుకొని, ఇంటికి పోయి తీరికగా ఒక్కొక్క పాస్‌వర్డును పరీక్షింపగలడు. నేటి బలమైన యంత్రము సెకనుకు పది లక్షలు పరీక్షింపగలదని అనుకొందము. మన దేశపు సెల్లు నంబరు 6, 7, 8, 9 అంకెలలో ఒకదానితో మొదలగును. మిగిలిన తొమ్మిది అంకెలు ఏవైనను కావచ్చును. అనగా మొత్తము 400 కోట్లు. వానినన్నిటిని పరీక్షించుటకు 4,000 సెకనులు, అనగా ఒక గంట 6 నిమిషముల 40 సెకనులు చాలును! ఎనిమిదంకెల పుట్టినతేది గతి యింకను హీనము. రూటరు 8 అక్షరముల నుండి 63 అక్షరముల వరకు అంగీకరించును. కావున పొంతన లేని నాలుగైదు తెలుగుమాటలను ఏరి, ఇంగ్లీషు అక్షరములతో వరుసగా వ్రాయుడు. చింతచెట్టు, తరాజు, నెమలి, రైలుగంట – ఇట్టివి. ఇంటివారికి సులభముగా జ్ఞాపకముండును, యంత్రమునకు ఊహింపరానిదగును. ఇచ్చట అచ్చుపడిన మాటలనే వాడుకొనకుడు సుమా!

తాళములలో జాతులును గలవు. డబ్ల్యు.ఇ.పి. అను పాతది 1997లో వచ్చినది; 2001 నాటికే దాని లోపము బయటపడెను. 2004లో డబ్ల్యు.పి.ఎ.-2, 2018లో డబ్ల్యు.పి.ఎ.-3 వచ్చినవి. మీ పెట్టెలో మూడవది యున్నచో దానిని, లేనిచో రెండవదానిని ఎన్నుకొనుడు. పైన చెప్పిన తీరిక ప్రయత్నమునకు మూడవది అవకాశమీయదు.

డబ్ల్యు.పి.ఎస్. అను సులభపద్ధతి యొకటి యుండును, దానిని మూసివేయుడు. దానిలో ఎనిమిదంకెల పిన్ను గలదు. చూచుటకు పది కోట్ల ప్రయత్నములు కావలెననిపించును. కాని కడపటి అంకె మిగిలిన ఏడింటి నుండి లెక్కకట్టినది. అంతేకాక, మొదటి నాలుగంకెలు సరియా కాదా యని రూటరు వేరుగా తెలుపును. అందుచే మొదటి భాగమునకు 10,000, రెండవ భాగమునకు 1,000, వెరసి 11,000 ప్రయత్నములే చాలునని 2011లో వెల్లడి యయ్యెను. గుణింపవలసినచోట కూడినందున కోటి పదకొండు వేలయినది. పదవ తరగతివారు దీనిని బాగుగ గమనింతురు గాక.

వెలుపలి నుండి రూటరు పేజీని తెరచు సౌకర్యమును, అనగా రిమోట్ మేనేజ్‌మెంటును, మూసి యుంచవలెను. తయారుచేసినవారు లోపములు దిద్ది పంపు ఫర్మ్‌వేరును ఎప్పటికప్పుడు వేయవలెను. దానియంతట అదే వేసికొనునట్టి ఏర్పాటున్నచో దానిని తెరచి యుంచుట మేలు. దిద్దుబాట్లు ఆగిపోయిన పాతపెట్టె ఎంత బాగుగా వెలుగుచున్నను, దానిని మార్చుటయే తగును. డి.ఎన్.ఎస్. అను వరుసను కూడ చూచుకొనుడు. పేరు చెప్పినచో చిరునామా తెలుపు పుస్తకము వంటిది అది. దుర్మార్గులు దానిని మార్చినచో, మీరు బ్యాంకు పేరు సరిగా వ్రాసినను, దొంగ వాకిటికి చేరుదురు. అట్టి సమయమున బ్రౌజరు "ఇది భద్రము కాదు" అని హెచ్చరించును. ఆ హెచ్చరికను దాటి ఒక్క అడుగైనను వేయరాదు. ఒకవేళ డబ్బు పోయినచో, ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

కడపటిది, అతిథుల వై-ఫై. చాల రూటర్లలో గెస్ట్ నెట్‌వర్కు అను రెండవ వాకిలి యుండును. దానికి వేరు పేరు, వేరు పాస్‌వర్డు. బంధువులకును, టీవీకిని, కెమెరాకును దానినే యిచ్చినచో, ఇంటి కంప్యూటరులోని కాగితముల జోలికి ఎవ్వరును రారు. నెలకొకసారి పట్టికను తెరచి, లోన నున్న సాధనములను లెక్కింపుడు. నేటి ఫోనులు తమ గుర్తును మార్చుకొనుచుండును గనుక, తెలియని పేరు కనబడగానే ఇరుగుపొరుగువారిని అనుమానింపక, మొదట ఇంటి ఫోనులను ఒక్కొక్కటిగా ఆపి చూడుడు.

ఇక నా విద్యార్థి సంగతి. ఆ బాలుని ఒంటరిగా పిలిచి అడిగితిని. వాడు తల వంచుకొని, "మీ సెల్లు నంబరే పాస్‌వర్డని వీధిలో అందరికిని తెలుసునండీ మాస్టరుగారూ. మా యింట లైను లేదు. అడిగినచో మీరు కోపగింతురని భయపడితినండీ" అనెను. రాత్రులు మా ప్రహరీగోడ ప్రక్కను నిలిచి, వాడు చూచుచుండినవి సినిమాలు కావు, లెక్కల పాఠములు. నాకు సిగ్గు కలిగెను. నేను తరగతిలో పాఠములను ఫోనులో చూడుడని చెప్పుచుంటినే కాని, ఎవరి యింట లైను గలదో, ఎవరి యింట లేదో ఏనాడును విచారింపనైతిని.

అడుగక తీసికొనుట తప్పని వానికి చెప్పితిని; వాడొప్పుకొనెను. అడుగుటకు భయపడునట్లు నడచుకొనుట నా తప్పని నాకు నేను చెప్పుకొంటిని. ఆ సాయంత్రమే పాస్‌వర్డులు రెండును మార్చితిని. పదునాలుగు సాధనములు ఐదయ్యెను. గెస్ట్ వాకిలిని తెరచి, వారమునకు మూడు సాయంకాలములు మా వరండాలో కూర్చుండి చదువుకొనుమని ఆ బాలునికి చెప్పితిని. ఇప్పుడు వానితో మరి ఇద్దరు వచ్చుచున్నారు. లైను చక్కగా నడచుచున్నది.

తాళము వేయుట లోభత్వము కాదు. తాళము గల యింటివాడే ఎవరికి తలుపు తీయవలెనో తాను నిర్ణయింపగలడు. విద్యార్థులారా! ఈ సంచిక ఇంటికి చేరిన నాడే, తల్లిదండ్రుల అనుమతితో, మీ రూటరు అడుగున నున్న చీటిని చదువుడు. మొదట లోపలి పాస్‌వర్డును మార్చుడు. తక్కినవి వరుసగా చేయుడు. చేయలేకపోయినచో నన్ను అడుగుడు. అడుగుటకు మాత్రము భయపడకుడు.