వృద్ధుల మెదడు – విద్యుదయస్కాంత క్షేత్రాలు: భయమెంత? నిజమెంత?

ఒకనాడు మగ్రిబ్ నమాజు తర్వాత మస్జిదు అరుగు మీద కూర్చున్నప్పుడు మా వీధి పెద్దాయన ఒకరు నన్ను అడిగారు: "బేటా, మా ఎదురింటి మిద్దె మీద సెల్ టవర్ పెట్టి రెండేళ్లయింది. ఈ మధ్య మా ఇంటావిడకు ఏదీ గుర్తుండటం లేదు. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోతోంది. ఇదంతా ఆ టవర్ వల్లనేనా?"

ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఇలాంటి అనుమానం మనలో చాలా ఇళ్లలో ఉంది. కనుక ఈ విషయంలో సైన్సు ఇంతవరకు ఏం తేల్చిందో, ఏం తేల్చలేదో పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ఏమిటీ క్షేత్రాలు?

కరెంటు ప్రవహించే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 ఆవృత్తాలు. సెల్ ఫోన్ తరంగాలు ఇంతకన్నా ఎంతో వేగంగా కంపిస్తాయి. 900 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 90 కోట్ల సార్లు. అయినా ఎక్స్‌రేలకు ఉన్నట్టుగా శరీర కణాల్లోని అణువులను విడగొట్టే శక్తి వీటికి లేదు. ఇవి చేస్తాయని నిశ్చయంగా తెలిసిన పని ఒకటే, శరీర భాగాన్ని కొద్దిగా వేడెక్కించడం. ఆ వేడి హద్దు మీరకుండా ప్రభుత్వాలు పరిమితులు పెట్టాయి. మన దేశంలో ఫోన్‌కు ఆ పరిమితి కిలోకు 1.6 వాట్లు. దీన్నే 'సార్' విలువ అంటారు. చాలా ఫోన్లలో *#07# నొక్కితే అది కనిపిస్తుంది. టవర్ల విషయంలో 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశం అంతర్జాతీయ పరిమితిలో పదో వంతునే అనుమతిస్తోంది.

ఇందులో దూరానిదే పెద్ద పాత్ర. తరంగం బయలుదేరిన చోటి నుంచి రెట్టింపు దూరం వెళితే దాని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల ఎదురింటి టవర్ కంటే చెవికి ఆనించిన ఫోన్ నుంచే మెదడుకు ఎక్కువ తరంగాలు చేరతాయి. పైగా టవర్ దూరంగా ఉండి సిగ్నల్ బలహీనమైనప్పుడు ఫోన్ మరింత శక్తితో తరంగాలు పంపవలసి వస్తుంది.

పరిశోధనలు ఏమంటున్నాయి?

మెదడు బరువు శరీరంలో నూటికి రెండు పాళ్లే. వాడుకునే శక్తి మాత్రం నూటికి ఇరవై పాళ్లు. వయసు పైబడే కొద్దీ జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ అనే భాగం కుదించుకుపోతుంది, నిద్ర పలచబడుతుంది. యువకుల మెదడు తట్టుకునే చిన్న ప్రభావం వృద్ధుల మెదడుకు భారం కావచ్చునన్నది శాస్త్రజ్ఞుల సందేహం.

2011లో అమెరికాలో 47 మంది ఆరోగ్యవంతుల మీద ఒక పరీక్ష జరిగింది. చెవి దగ్గర 50 నిమిషాలు ఫోన్ పనిచేస్తూ ఉంటే, యాంటెన్నాకు దగ్గరగా ఉన్న మెదడు భాగంలో గ్లూకోజు వాడకం సుమారు 7 శాతం పెరిగింది. అంటే మెదడు ఆ తరంగాలకు స్పందిస్తోంది. స్పందన ఉన్నంత మాత్రాన అది హాని అని చెప్పలేము.

2010లో ఫ్లోరిడాలో అల్జీమర్స్ లక్షణాలు వచ్చేలా పెంచిన ఎలుకలను నెలల తరబడి రోజుకు రెండు గంటలు సెల్ తరంగాల్లో ఉంచారు. వాటి జ్ఞాపకశక్తి తగ్గడానికి బదులు మెరుగుపడింది! అలాగని ఫోన్ చెవికి కట్టుకుని తిరగనక్కరలేదు. ఎలుకలో కనిపించింది మనిషిలోనూ కనిపించాలని లేదు.

డెన్మార్క్‌లో 4 లక్షల 20 వేల మంది ఫోన్ చందాదారుల ఆరోగ్య వివరాలను పరిశీలిస్తే, వారిలో అల్జీమర్స్ మిగతా జనం కంటే తక్కువగా కనిపించింది. ఇక్కడా జాగ్రత్తగా ఆలోచించాలి. మతిమరుపు మొదలైనవారు కొత్తగా ఫోన్ కొనరు కదా! ఫోన్ జబ్బును ఆపిందనుకోవడం కంటే, జబ్బే ఫోన్‌ను దూరం పెట్టిందనుకోవడం సబబు.

మెదడు కంతుల భయం కూడా ఉంది. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే 2బి వర్గంలో చేర్చింది. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన 2024 నాటి సమీక్షలో ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదు.

కుట్టు మిషన్ సంగతి

మనకు దగ్గరి విషయం ఒకటుంది. హెల్సింకీ, లాస్ ఏంజలెస్ నగరాల్లో అల్జీమర్స్ రోగుల వృత్తులను పరిశీలించి 1995లో ఒక నివేదిక ప్రచురించారు. రోగుల్లో దర్జీలు, బట్టలు కుట్టే స్త్రీలు ఎక్కువగా కనిపించారు. కుట్టు మిషన్ మోటారు గంటల తరబడి ఒంటికి దగ్గరగా తిరుగుతుంది కనుక, దాని అయస్కాంత క్షేత్రమే కారణమేమోనని అనుమానించారు. తర్వాతి అధ్యయనాల్లో కొన్ని ఈ సందేహాన్ని బలపరిచాయి, కొన్ని బలపరచలేదు. చదువు తక్కువగా ఉండటం కూడా మతిమరుపు జబ్బుకు ఒక కారణమే. కుట్టుపనికి వచ్చేవారిలో చదువుకునే వీలు లేకపోయినవారు ఎందరో ఉంటారు. ఏది దేనివల్లో విడదీయడం అంత తేలిక కాదు.

వితంతువులకు, పేద ఆడపిల్లలకు కుట్టు మిషన్లు ఇచ్చే సంస్థలు మనలో ఎన్నో ఉన్నాయి. ఈ అనుమానం వల్ల ఆ మంచి పని ఆపనక్కరలేదు. కాలితో తొక్కే మిషన్‌కు ఈ సమస్యే లేదు. మోటారు ఉంటే దాన్ని వీలైనంత ఎడంగా అమర్చుకుని, మధ్య మధ్య లేచి నడిస్తే చాలు. నడుముకూ, కళ్లకూ కూడా అది మేలే.

అసలు ముప్పు ఎక్కడ?

మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి మతిమరుపు జబ్బు ఉందని అంచనా. లాన్సెట్ కమిషన్ 2024లో, మనం మార్చుకోగల కారణాలు పద్నాలుగు అని చెప్పింది: చదువు లేకపోవడం, వినికిడి లోపం, చూపు మందగించడం, రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం, పొగతాగడం, అతిగా మద్యం, కదలిక లేని జీవితం, మానసిక కుంగుబాటు, తలకు దెబ్బలు, గాలి కాలుష్యం, ఒంటరితనం. వీటిని సరిదిద్దుకుంటే దాదాపు సగం కేసులను నివారించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు. ఈ జాబితాలో సెల్ టవర్ లేదు.

ఇవి కాక బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ తగ్గడం, కొన్ని మందుల ప్రభావం వల్ల కూడా మరుపు వస్తుంది. వీటికి చికిత్స ఉంది. నింద టవర్ మీద వేసి కూర్చుంటే నయమయ్యే జబ్బు కూడా ముదిరిపోతుంది. నా భయమల్లా ఇదే.

పాటించదగిన జాగ్రత్తలు

- ఎక్కువసేపు మాట్లాడవలసి వస్తే స్పీకరు గానీ ఇయర్‌ఫోన్ గానీ వాడండి.
- సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మాటలు తగ్గించండి.
- రాత్రి ఫోన్‌ను దిండు కింద కాక దూరంగా పెట్టండి. నిద్ర చెడితే మరుసటి రోజు జ్ఞాపకశక్తి కూడా మందగిస్తుంది.
- గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఫోన్‌ను దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. చొక్కా పైజేబులో అసలే పెట్టకూడదు.
- భయపడి పెద్దల చేతిలోని ఫోన్ లాక్కోకండి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ముఖం వీడియో కాల్‌లో చూసుకునే తల్లికి ఆ ఫోన్ ఒంటరితనానికి మందు.

ఆ రోజు పెద్దాయనతో నేను అన్నది ఇంతే: "చాచా, టవర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు చాచీని డాక్టరుకు చూపించండి." చూపించారు. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా తక్కువగా ఉందని తేలింది. చెవి కూడా సరిగా వినబడటం లేదట. ఇప్పుడు మాత్రలు వాడుతున్నారు, చెవికి మిషన్ పెట్టుకున్నారు. పూర్తిగా మునుపటిలా లేకపోయినా, మనవరాళ్లను పేరుపెట్టి పిలుస్తున్నారు. టవర్ ఇంకా అక్కడే ఉంది.

మన ఇళ్లలోని పెద్దల మరుపును వయసు మీదకో టవర్ మీదకో తోసేసి ఊరుకోకండి. వారిని ఒకసారి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, రోజుకు కాసేపైనా వారి పక్కన కూర్చుని మాట్లాడండి.