పుర్రెకు చిల్లుంటే తూటా దెబ్బేనా?

కొత్తగూడ, కొండాపూర్, గచ్చిబౌలి వైపు ఏదో ఒక సెల్లార్ తవ్వకంలో పుర్రె బయటపడి, దానికి గుండ్రటి చిల్లు కనిపించిందనుకోండి. పోలీసులు వచ్చేలోపే ఆ ఫోటో అపార్ట్‌మెంట్ గ్రూపులన్నీ తిరిగేస్తుంది. ‘ఎవరినో కాల్చి పాతిపెట్టారు’ అన్న తీర్పు కూడా దాని వెంటే వెళ్తుంది. ఇంటి మనిషి కనిపించకుండా పోయి ఏళ్లుగా ఎదురుచూస్తున్న తల్లి అది చూస్తే ఏమైపోతుంది? స్థలం పాత యజమాని మీదో, పనికొచ్చిన వలస కూలీ మీదో అనుమానం పడితే దాన్ని ఎవరు తుడుస్తారు? పైగా చిల్లులో పుల్ల పెట్టి చూసేవాళ్లు, ఫోటో కోసం మట్టి కడిగేవాళ్లు అసలు ఆధారాన్నే పోగొడతారు.

అపోహ: పుర్రెకు గుండ్రటి చిల్లు ఉంటే అది తూటా గాయమే.

వాస్తవం: గుండ్రంగా ఉన్నంత మాత్రాన ఏదీ రుజువు కాదు. నడినెత్తికి కాస్త వెనుక, సన్నని రక్తనాళాలు వెళ్లే రంధ్రాలు చాలామందికి పుట్టుకతోనే ఉంటాయి. అరుదుగా కొందరిలో అవి సెంటీమీటరు దాటి ఉంటాయి. రొమ్ము ఎముక కింది భాగంలో కూడా నూటికి సుమారు అయిదుగురికి సహజంగానే గుండ్రటి రంధ్రం ఉంటుంది. గుండెకు ఎదురుగా ఉండే ఆ రంధ్రాన్ని తూటా గాయమని పొరబడే ప్రమాదం గురించి ఫోరెన్సిక్ పాఠాలు ప్రత్యేకంగా హెచ్చరిస్తాయి. మల్టిపుల్ మైలోమా అనే క్యాన్సర్ పుర్రెను అక్కడక్కడా గుండ్రంగా తొలిచేస్తుంది. మెదడు ఆపరేషన్ కోసం డాక్టర్లు పెట్టిన రంధ్రాలూ ఉంటాయి. కశ్మీర్‌లోని బుర్జహోమ్‌లో దొరికిన నవశిలాయుగపు పుర్రెకు మనుషులే పనిముట్లతో తొలిచిన రంధ్రాలున్నాయి. అప్పటికి తుపాకీ పుట్టడానికి ఇంకా వేల ఏళ్లుంది. ఇవన్నీ కాకపోతే జేసీబీ పళ్లు, గడ్డపార పోటు, చెట్ల వేర్లు, ఎలుకలు ఉండనే ఉన్నాయి. పుర్రె ఏ కాలానిదో కూడా చూడగానే చెప్పలేం. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనే ఇనుప యుగపు సమాధులు బయటపడ్డాయి.

మరి నిపుణులు దేన్ని చూస్తారు? ముందు అంచును చూస్తారు. పుర్రె ఎముకకు బయట ఒక గట్టి పొర, లోపల ఒక గట్టి పొర, మధ్యలో గుల్ల పొర ఉంటాయి. తూటా దూరిన చోట బయటి పొర మీద చిల్లు పదునుగా ఉండి, లోపలి పొర గరాటులా వెడల్పుగా చిట్లుతుంది. బయటికొచ్చిన చోట దీనికి తలకిందులు, చిట్లడం బయటివైపు ఉంటుంది. తర్వాత పగుళ్లు. రెండో తూటా తెచ్చిన పగులు మొదటి దాని పగులు దాకా వచ్చి ఆగిపోతుంది కాబట్టి, ఏ దెబ్బ ముందు తగిలిందో చాలాసార్లు చెప్పొచ్చు. ఆపైన రంగు. మరణ సమయంలో విరిగిన అంచు మిగతా ఎముకలాగే మట్టి రంగుకు తిరిగి ఉంటుంది, నిన్న జేసీబీ తగిలిన అంచు తెల్లగా, గరుకుగా కనిపిస్తుంది. అంచున ఎముక నయమైన ఆనవాళ్లుంటే ఆ మనిషి ఆ గాయం తర్వాత కూడా బతికాడని అర్థం. చివరగా ఎక్స్‌రేలో చిల్లు చుట్టూ సీసం రేణువులేమైనా మెరుస్తాయేమో వెతుకుతారు. ఫోన్ ఫోటోలో వీటిలో ఏది తేలుతుంది?

అపోహ: తూటా గుర్తు లేకపోతే కాల్పులే జరగలేదు.

వాస్తవం: ఇది పూర్తిగా తప్పు. కడుపులోంచి, తొడ కండలోంచి వెళ్లిన తూటా ఏ ఎముకనూ తాకకపోవచ్చు. పంజాబ్‌లోని అజ్నాలాలో 2014లో ఓ పాత బావిలోంచి పెద్ద ఎత్తున అస్థికలు తీశారు. అవి 1857 తిరుగుబాటు వేళ బ్రిటిష్ అధికారులు చంపించిన సిపాయిలవని కొందరు, 1947 విభజన అల్లర్ల మృతులవని కొందరు వాదించారు. హబ్సిగూడ సీసీఎంబీ శాస్త్రవేత్త కె. తంగరాజ్, పంజాబ్ యూనివర్సిటీకి చెందిన జె.ఎస్. సెహ్రావత్ తదితరులు 50 నమూనాల డీఎన్‌ఏనూ, 85 నమూనాల ఐసోటోపులనూ పరీక్షించి 2022లో ఫలితాలు ప్రకటించారు. మృతులు స్థానిక పంజాబీలు కారనీ, గంగా మైదానపు వాళ్లనీ తేలింది. 26వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయిలన్న వాదనకు అది సరిపోయింది. ఆ మారణకాండ జరిపించిన డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్ లెక్క ప్రకారమే 282 మందిలో 237 మందిని కాల్చారు, మిగతా 45 మంది గాలాడని చోట కుక్కడం వల్ల చనిపోయారు. కాల్పులు జరిగిన ఆ ఘటనలోనే చనిపోయినా, ఆ 45 మంది ఎముకల మీద తూటా గుర్తు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో సంగతి, ఆ బావిని తవ్వింది స్థానిక వలంటీర్లు. శాస్త్రీయ పద్ధతి పాటించకపోవడంతో ఎన్నో ఎముకలు దెబ్బతిన్నాయి.

‘చిన్న చిల్లు తూటా దూరిన చోటు, పెద్దది బయటికొచ్చిన చోటు’ అన్న మాటను మాత్రం కొంతవరకు ఒప్పుకోక తప్పదు. పుర్రె విషయంలో చాలాసార్లు నిజమే. కానీ తూటా ఏటవాలుగా రాసుకుంటూ తగిలితే తాళంచెవి రంధ్రం ఆకారంలో ఒకే చిల్లు పడి, లోపలివైపు చిట్లడం, బయటివైపు చిట్లడం రెండూ అక్కడే కనిపిస్తాయి. కాబట్టి సైజు చూసి దిశ చెప్పకండి.

మిగతా ప్రశ్నలకు ఒక్కో వాక్యం చాలు.

డీఎన్‌ఏ ఎలా చనిపోయారో చెబుతుందా? చెప్పదు, ఎవరన్నది చెప్పగలదు.

చిల్లు కొలిస్తే ఏ తుపాకో తెలుస్తుందా? తెలియదు, దొరికిన తూటా మీది గీతల్ని ల్యాబ్‌లో పోల్చాలి.

ఎంత దూరం నుంచి కాల్చారో ఎముక చెబుతుందా? తుపాకీ ఆనించి కాల్చినప్పుడు ఎముకకు అంటిన మసి దొరికితే తప్ప కష్టం, ఎందుకంటే ఆ ఆనవాళ్లు ఎక్కువగా చర్మంతోనే పోతాయి.

హత్యో ఆత్మహత్యో చిల్లు చూసి తేలుతుందా? తేలదు.

సైట్ సూపర్‌వైజర్లకూ, చుట్టుపక్కల ఉండేవాళ్లకూ ఒకటే మనవి. ఎముక కనిపించగానే యంత్రం ఆపించండి. దాన్ని ఎత్తకండి, కడగకండి, చిల్లులో ఏమీ పెట్టకండి. అప్పటికే తవ్విపోసిన మట్టిని టిప్పర్‌లో పంపేయకండి, తూటా, పళ్లు, గుండీలు అందులోనే ఉండొచ్చు. 100కో 112కో ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా అక్కడికి ఎవరినీ రానివ్వకండి. ఇంటి మనిషి కోసం వెతుకుతున్నవాళ్లు గ్రూపుల్లో తిరిగే మాట నమ్మి గుండె పగలగొట్టుకోవద్దు. కేసు పెట్టిన స్టేషన్‌కు వెళ్లి, దొరికిన అస్థికలతో మీ డీఎన్‌ఏ పోల్చమని రాతపూర్వకంగా అడగండి. ఫోటో తీసినవాళ్లు దాన్ని పోలీసులకు ఇవ్వండి, గ్రూపులో పెట్టకండి.