పగడపు జీవులు - వెలుతురు

అమెరికా, జర్మనీ, జపాను మొదలగు దేశములలో కొందరు గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి, చేపలతోపాటు సజీవమైన పగడములను కూడ ఇంట పెంచుచుందురు. క్రొత్తగా తెచ్చిన పగడమును దీపమునకు చేరువగా ఉంచినచో, కొన్ని దినములలోనే అది తెల్లబారుట కలదు. నీరు, ఉప్పు, వేడిమి అన్నియు సరిగనే యుండును. సముద్రములో ఎండ కాగి పెరిగిన జీవికి దీపపు వెలుతురు అపకారమెట్లు చేయును?

పగడమనగానే నవరత్నములలోని ఎఱ్ఱని పూస మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ జాతి మధ్యధరా సముద్రములో మసక వెలుతురున పెరుగును. దానికి ఎండతో పనిలేదు. ఇక్కడ చెప్పుచున్నది వెచ్చని, లోతులేని సముద్రములలో దిబ్బలను కట్టు పగడములను గూర్చి. ఇవి పాలిప్‌లను చిన్న జంతువుల సముదాయములు. పాలిప్ కణములలో గోధుమరంగుగల ఏకకణ శైవలములు నివసించును. ఇవి బొగ్గుపులుసు వాయువును గ్రహించి, కాంతి సాయమున చక్కెరలను తయారుచేసి, అందులో అధిక భాగమును పగడమునకే యిచ్చును. ఉండుటకు చోటిచ్చిన వానికి అన్నము పెట్టు అతిథులివి.

కాంతి మితిమీరినపుడు శైవలము తాను గ్రహించిన శక్తినంతయు వినియోగించుకొనజాలదు. మిగిలిన శక్తివలన హైడ్రొజన్ పెరాక్సైడు వంటి తీవ్రపదార్థములు పుట్టి కణములను దెబ్బతీయును. అపుడు పగడము శైవలములను వెలికి నెట్టును. రంగు పోగా, పలుచని దేహముగుండ తెల్లని సున్నపు కట్టడము కనిపించును. తెల్లబారిన పగడము వెంటనే చావదు. శైవలములు తిరిగి చేరనిచో ఆకలిచే చచ్చును.

అట్లని చీకటి మేలుచేయదు. 1928-29లో మారిస్ యంగ్ నాయకత్వమున ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌నకు వెళ్లిన శాస్త్రజ్ఞులు పగడములను వెలుతురు చొరని పెట్టెలలో ఉంచి చూచిరి. అందును శైవలములు వెలికిపోయినవి.

మసక వెలుతురులో శైవలము తనలోని పత్రహరితమును హెచ్చించుకొనును. ప్రకాశము పెరిగినపుడు తగ్గించుకొనును. పగడము కూడ రంగు మాంసకృత్తులను తయారుచేసి గొడుగువలె అడ్డుపెట్టును. ఈ సవరణలకు దినములు, వారములు పట్టును. దీపము వెలుగుటకు మాత్రము క్షణము చాలును. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

కావున క్రొత్త పగడమును మొదట తొట్టి అడుగున ఉంచి, రెండు మూడు వారములలో కొద్దికొద్దిగా పైకి జరుపవలెను. లేదా దీపపు తీవ్రతను సగమునకు తగ్గించి, వారమునకు పదవవంతు చొప్పున పెంచవచ్చును. తీవ్రతను మార్చు వీలులేని దీపము క్రింద దోమతెర గుడ్డను రెండు మూడు పొరలుగా కట్టి, వారమున కొక పొరను తీసివేయవచ్చును. రంగు పాలిపోవుట కనిపించినచో మరల నీడకు మార్చవలెను. ఇందు కంటి అంచనా చాలదు. నీలికాంతి మనకు మసకగా తోచినను, శైవలము దానిని బాగుగ గ్రహించును. అందుచే కొలత పరికరము వాడుదురు. చదరపు మీటరుపై సెకనుకు పడు కాంతికణములను మైక్రోమోలులలో లెక్కించినచో, నడిమధ్యాహ్నపు ఎండ సుమారు 2,000 ఉండును. తొట్టిలో మెత్తని పగడములకు 50 నుండి 150 చాలును. కొమ్మలు వేయు అక్రోపోరాలు 200కు పైగా కోరును.

సముద్రములోను ఇదియే నియమము. నీరు వేడెక్కినపుడు శైవలముల ఓర్పు తగ్గి, అలవాటైన ఎండయే వానికి అధికమగును. 2016, 2017లలో గ్రేట్ బారియర్ రీఫ్‌లో పగడములు విస్తారముగా తెల్లబారుటకు వేడెక్కిన నీరే మూలకారణము. తొట్టిలోని పగడమునకు నీడనిచ్చు చేయి కలదు. సముద్రములోని దానికి లేదు.

మన దేశమున మన్నారు సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను దీవులలోని దిబ్బలను కట్టు పగడములను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కాపాడుచున్నది; వానిని సేకరించుట నేరము. తరగతిలో ఈ విషయమును గ్రహించుటకు పగడము అక్కరలేదు. నీడలో పెరిగిన మనీప్లాంటు తీగలు రెండింటిని తీసుకొని, ఒకదానిని ఒక్కసారిగా ఎండలో ఉంచి, రెండవదానికి దినదినము కొంచెము కొంచెముగా వెలుతురు హెచ్చించి, ఆకులను పోల్చి చూచిన చాలును.