బొమ్మ ఆగితే.. కంప్యూటర్ మార్చనక్కర్లేదు!

హెచ్‌డీ వీడియోల ఇబ్బందులకు ఇంట్లోనే పరిష్కారం

గోదావరిఖని: టీవీకి కంప్యూటర్‌ను జోడించి సినిమాలు, పెళ్లి వీడియోలు చూసే కుటుంబాలు సింగరేణి కార్మిక వాడల్లోనూ ఉన్నాయి. బొమ్మ ఆగి ఆగి వచ్చినా, మాటకూ పెదవి కదలికకూ పొంతన కుదరకున్నా కంప్యూటర్ పాడైందని భావించి కొత్తది కొనడానికి సిద్ధపడుతుంటారు. ఫైలే చెడిపోయిందనుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేస్తే మరింత ప్రమాదం. అందులో ఉన్నది పెళ్లి వీడియో ఏకైక ప్రతి అయితే ఆ నష్టం పూడ్చలేనిది. వరుసగా పరిశీలిస్తే చాలా సందర్భాల్లో ఖర్చు లేకుండానే సమస్య తీరుతుంది.

ముందు ప్రతి తీయండి

వీడియోను తొలుత కంప్యూటర్ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవాలి. అక్కడి నుంచి సాఫీగా నడిస్తే లోపం పెన్‌డ్రైవ్ వేగంలో ఉన్నట్లే.

భారం ఎక్కడ?

ఫుల్ హెచ్‌డీ చిత్రంలో సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి. 4కే చిత్రంలో అవి దాదాపు 83 లక్షలు. వీటిని కుదించి ఫైలుగా భద్రపరుస్తారు. 2003లో వచ్చిన హెచ్.264 కంటే 2013 నాటి హెచ్‌ఈవీసీ పద్ధతి ఎక్కువగా కుదిస్తుంది. దాన్ని విప్పడానికి కంప్యూటర్‌కు శ్రమ కూడా ఎక్కువే. అందుకు ప్రత్యేక ఏర్పాటు లేని పాత యంత్రాల్లో మొత్తం భారం ప్రాసెసర్‌పైనే పడుతుంది.

వీడియో నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడాలి. సీపీయూ వినియోగం 100 శాతానికి చేరితే కారణం ఇదే. వీఎల్‌సీ ప్రిఫరెన్సెస్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను ఆటోమేటిక్‌గా ఉంచాలి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తాజా పరచాలి. అప్పటికీ ఫలితం లేకుంటే ఫుల్ హెచ్‌డీ, హెచ్.264 ప్రతి ఇమ్మని ఫొటో స్టూడియోను అడిగితే సరిపోతుంది.

దుమ్ముతో జాగ్రత్త

కోల్‌బెల్ట్‌లో ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము ఇళ్లలోకీ చేరుతుంది. అది ఫ్యాన్‌కు పట్టేస్తే ప్రాసెసర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వీడియో మొదట బాగానే నడిచి, కొద్దిసేపటి తర్వాత తడబడితే దుమ్మునే అనుమానించాలి. వేసవిలో ఈ ఇబ్బంది పెరుగుతుంది. ప్లగ్ తీసేశాకే, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకుని మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయాలి.

శబ్దం రాకుంటే..

హెచ్‌డీఎంఐ తీగ కలిపినా శబ్దం కంప్యూటర్ స్పీకర్లకే వెళ్తుండవచ్చు. తెర మూలనున్న స్పీకర్ గుర్తును నొక్కి టీవీని ఎంచుకోవాలి. మాట ముందు వెనుకలైతే వీఎల్‌సీలో జే, కే మీటలతో సరిచేయవచ్చు. బొమ్మ అంచులు తెగితే టీవీ మెనూలో చిత్ర పరిమాణాన్ని మార్చాలి. తెర మధ్యమధ్యలో నల్లబడుతుంటే తీగ మార్చి చూడాలి. ఇవన్నీ పరీక్షించాకే దుకాణం గడప తొక్కడం మేలు.