మాట్‌ల్యాబ్: జవాబు, దాని పక్కన హెచ్చరిక

మూసాపేట మెట్రో స్టేషన్ నుంచి మియాపూర్ వైపు నాలుగో స్టేషన్ జేఎన్‌టీయూ కాలేజీ. 1972లో ఏర్పడిన ఆ సాంకేతిక విశ్వవిద్యాలయం ఎలక్ట్రానిక్స్ రెండో ఏడాది విద్యార్థులకు నిర్దేశించిన ‘బేసిక్ సిమ్యులేషన్ ల్యాబ్’లో ప్రయోగాలు మాత్రికల లెక్కలతో మొదలై సంకేతాల విశ్లేషణ దాకా మాట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ మీద సాగేవి. ఆ దారిన హైటెక్ సిటీ కొలువులకు చేరిన ఎందరో ఇంజినీర్లకు గణితాన్ని యంత్రం చేత చేయించడం అక్కడే అలవాటైంది. మాట్‌ల్యాబ్‌ను తయారుచేసే మ్యాత్‌వర్క్స్ సంస్థకు నేడు హైదరాబాదులోనూ కార్యాలయం ఉంది.

మాట్‌ల్యాబ్ పుట్టుకకు కారణం కూడా విద్యార్థుల అవసరమే. 1970ల్లో అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల కేంద్రంగా ఐస్‌ప్యాక్, లిన్‌ప్యాక్ అనే రెండు ప్రోగ్రాముల సంపుటాలు తయారయ్యాయి. మాత్రికల లెక్కలను నమ్మకంగా చేసే ఈ సంపుటాలను వాడాలంటే ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాం రాయక తప్పేది కాదు. వాటి రచయితల్లో ఒకరైన క్లీవ్ మోలర్, న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో తన విద్యార్థులకు ఆ శ్రమ తప్పించడానికి దశాబ్దం చివర్లో మాట్‌ల్యాబ్ తొలి రూపం రాశారు. అందులో మాత్రిక తప్ప మరో రకం దత్తాంశానికి చోటు లేదు. ఆదేశ పదాలూ ప్రమేయాలూ కలిపి 71. తర్వాత జాక్ లిటిల్, స్టీవ్ బ్యాంగర్ట్ దాన్ని సీ భాషలో తిరగరాయగా, 1984లో మ్యాత్‌వర్క్స్ ఏర్పడింది.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం గణితంలో మూడు చరరాశుల సమీకరణాలను క్రామర్ పద్ధతిలోనూ గాస్-జోర్డాన్ పద్ధతిలోనూ సాధించిన తెలుగు విద్యార్థికి రెండూ ఇంచుమించు ఒకే శ్రమగా తోస్తాయి. చరరాశులు ఇరవై అయితే మాత్రం క్రామర్ పద్ధతికి ఇరవై ఒక్క నిర్ధారకాలు కావాలి, ఒక్కొక్కదాన్ని నిర్వచనం ప్రకారం విస్తరిస్తే దాదాపు 24 పక్కన పదిహేడు సున్నాలంత సంఖ్యలో పదాలు వస్తాయి. చరరాశులను ఒక్కొక్కటిగా తొలగించే గాస్ దారిలో సుమారు మూడు వేల గుణకారాలు చాలు. మాట్‌ల్యాబ్‌లో వెనక్కి వాలిన ఒక్క గీత ఈ పని చేస్తుంది. ఆ గీత కనబడగానే సాఫ్ట్‌వేర్ మాత్రిక స్వరూపాన్ని పరీక్షించి, త్రిభుజాకారమైతే నేరుగా ప్రతిక్షేపించి, సౌష్ఠవంగా ఉంటే సగం శ్రమతో తేలే చోలెస్కీ పద్ధతిని ప్రయత్నించి, రెండూ కుదరనప్పుడే సాధారణ తొలగింపుకు దిగుతుంది.

అయినా వచ్చే జవాబు కచ్చితమైనది కాదు. మామూలుగా ఈ సాఫ్ట్‌వేర్ సంఖ్యను సుమారు పదహారు అంకెల వరకే దాచుకుంటుంది. మూడో వంతు వంటి భిన్నం అందులో పూర్తిగా ఇమడదు. జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ 1894లో చర్చించిన మాత్రిక మొదటి అడ్డువరసలో 1, 1/2, 1/3, రెండో వరసలో 1/2, 1/3, 1/4 అంటూ సాగుతుంది. చూపుకు ఇంత సాధువైన మాత్రిక లేదు. పది వరసల హిల్బర్ట్ మాత్రికతో సమీకరణాలు సాధిస్తే ఆ చిన్న ఇమడని భాగాలు లక్ష కోట్ల రెట్లకు పైగా పెరగవచ్చు, పదహారు అంకెల్లో పదమూడు దాకా నమ్మదగనివి కావచ్చు. అప్పుడు సాఫ్ట్‌వేర్ మౌనంగానే ఉంటుంది. పన్నెండు వరసలైతే, మాత్రిక అసాధారణ మాత్రికకు, అంటే నిర్ధారకం సున్నా అయ్యేదానికి, చాలా దగ్గరగా ఉందని, ఫలితం సరికాకపోవచ్చని హెచ్చరిస్తూనే జవాబు కూడా ఇస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో మెచ్చదగినది వేగం కన్నా ఈ హెచ్చరికే. పది వరసల దగ్గర అది లేకపోవడం వాడేవాడు గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆ బేసిక్ సిమ్యులేషన్ ల్యాబ్ ప్రయోగాల జాబితాలోనే ఇందుకు సరిగ్గా తిరగబడిన ప్రయోగం ఒకటుండేది. ఒకటికీ మైనస్ ఒకటికీ మధ్య ఎగిరిపడే చతురస్ర తరంగాన్ని సైన్ తరంగాల మొత్తంగా, అంటే ఫోరియర్ శ్రేణిగా, గీసినప్పుడు గెంతు పక్కన కొమ్ములాంటి ఎత్తు కనిపిస్తుంది. పదాలు పదైనా వెయ్యైనా కొమ్ము సన్నబడి గెంతుకు దగ్గరగా జరుగుతుందే గాని దాని శిఖరం సుమారు 1.18 నుంచి దిగదు. తెరమీద చూసినవారికి ఇది ప్రోగ్రాం తప్పులా తోచడం సహజం. తప్పు యంత్రానిది కాదు. విల్‌బ్రహాం 1848లో, గిబ్స్ 1899లో కాగితం మీదే తేల్చిన గణిత సత్యం అది.

మాట్‌ల్యాబ్‌కు లైసెన్సు కొనాలి. ఆ ఖర్చు భరించలేని చోట జాన్ ఈటన్ 1992లో రాయడం ప్రారంభించిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఆక్టేవ్ అక్కరకొస్తుంది; దాని పేరు సంగీతంలోనిది కాదు, ఈటన్‌కు రసాయన ఇంజినీరింగ్ చెప్పిన ఆచార్యుడు ఆక్టేవ్ లెవెన్‌స్పీల్‌ది. ఆదేశాల రూపం చాలావరకు ఒకటే, లోపల మాత్రికల పని చేసేదీ రెండింటిలోనూ లాప్యాక్ అనే బహిరంగ సంపుటమే కాబట్టి, పన్నెండు వరసల హిల్బర్ట్ మాత్రిక ఇస్తే ఆక్టేవ్ కూడా హెచ్చరిస్తుంది, పది వరసలకు అది కూడా ఏమీ అనదు.