అంబాసిడర్ టైరు లెక్క

రండర్రా, ఇలా అరుగు మీద కూర్చోండి. మనవాడికి మంచి సందేహం వచ్చింది. అంబాసిడర్ టైరు మీద 5.90-15 అని ఉంది, కొత్త కారు టైరు మీద 165/65 ఆర్ 15 అని ఉంది. రెండింట్లోనూ 15 ఉందిగా తాతయ్యా, దీన్ని దానికి వేసెయ్యొచ్చా అంటాడు.

గారె తిన్నారుగా? మధ్యలో చిల్లు ఒక కొలత, చుట్టూ పిండి ఒక కొలత. రెండు గారెలకి చిల్లు ఒకటే అయినా, పిండి తగ్గితే గారె చిన్నదైపోతుంది. ఆ 15 చిల్లు కొలతరా నాన్నా. రిమ్ము అడ్డంగా 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. అది రెండింటికీ ఒకటే. తేడా అంతా పిండిలో ఉంది.

5.90 అంటే టైరు వెడల్పు, అంగుళాల్లో. మరి ఎత్తు? రాయలేదు. తొలినాటి టైరు అడ్డకోత ఇంచుమించు గుండ్రంగా ఉండేది, వెడల్పు ఎంతో ఎత్తూ అంతే. అందుకని విడిగా రాసే పనే లేదు. అమెరికాలో ఫోర్డ్ మోడల్ టి అనే కారు 1908లో వచ్చింది. దాని వెనక టైర్లకి 30 x 3½ అని కొలత. అక్కడ 30 అంటే రిమ్ము కాదు, టైరు మొత్తం ఎత్తు! పైనా కిందా మూడున్నర చొప్పున తీసేస్తే రిమ్ము 23 అంగుళాలని తేలుతుంది. అదే కారుకి చివరి రోజుల్లో గాలి ఎక్కువ పట్టే లావు టైర్లు వేశారు, 4.40-21 అని. కలపండి: 21కి రెండు 4.40లు, మొత్తం 29.8. అంకెలన్నీ మారిపోయాయి, చక్రం ఎత్తు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. నాకు ఈ లెక్క ఎన్నిసార్లు వేసినా ముచ్చటే!

అంబాసిడర్ నాటికి టైరు కాస్త అణిగింది. ఎత్తు వెడల్పులో పదింట తొమ్మిది వంతులు అనుకోండి. 150 మిల్లీమీటర్ల వెడల్పుకి 135 ఎత్తు. మొత్తం చక్రం సుమారు 650. కొత్త టైరులో 165 మిల్లీమీటర్ల వెడల్పు, 65 అంటే అందులో నూటికి 65 వంతులు ఎత్తు, 107. మొత్తం 595 దాకా వస్తుంది. అయిదున్నర సెంటీమీటర్లు పొట్టి! స్పీడోమీటరు చక్రం తిరిగిన చుట్లనే లెక్కపెడుతుంది కదా, అది 60 చూపిస్తుంటే కారు పోయేది 55. ఇంజను ఊరికే ఎక్కువ తిరుగుతుంది, కారు నేలకి దిగుతుంది.

అంబాసిడర్‌కి నప్పేది 165 ఆర్ 15. మధ్యలో శాతం రాయలేదంటే 80 చిల్లర అని అర్థం. లెక్క వేసి చూడండి, 645 దాటుతుంది.

ఆ ఆర్ అంటే రేడియల్. ఫ్రాన్సులో మిషెలిన్ వాళ్లు 1946లో పేటెంటు తీసుకున్నారు. మన పాత నైలాన్ టైర్లో దారాలు ఏటవాలుగా ఒకదాని మీదొకటి అడ్డం పడతాయి. రేడియల్లో ఈ అంచు నుంచి ఆ అంచుకి నేరుగా పోతాయి, పైన ఉక్కు పట్టీ. పక్కగోడ వంగినా అడుగుభాగం రోడ్డుని వదలదు. అందుకే ముందు రేడియల్, వెనక నైలాన్ ఎప్పుడూ వెయ్యకూడదు. మలుపులో ముందు పట్టుకుని వెనక జారిపోతుంది. వేస్తే నాలుగూ ఒకటే రకం వెయ్యాలి.

అంకెల మీద నమ్మకం కుదరకపోతే, విప్పిన చక్రానికి సుద్దగీత పెట్టి నేల మీద ఒక్క చుట్టు దొర్లించండి. అంబాసిడర్ది రెండు మీటర్లు దాటాలి. ఆ పొట్టిది 1.87 దగ్గరే ఆగుతుంది.