రొమ్ము క్యాన్సర్ కీమోథెరపీ: ఎముక మజ్జపై దీర్ఘకాలిక ప్రభావాలు

1. ఉపోద్ఘాతం

రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ వల్ల రక్తకణాలు తగ్గడం తెలిసిన విషయమే. చికిత్స ముగిశాక వాటి సంఖ్య చాలామందిలో మామూలు స్థాయికి చేరుతుంది. అంతమాత్రాన ఎముక మజ్జ పూర్వస్థితికి వచ్చినట్లేనా అన్న ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. తాత్కాలిక క్షీణత

ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు, ప్లేట్‌లెట్ 8 నుంచి 10 రోజులు జీవిస్తాయి. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం ఆయుష్షు ఇంకా తక్కువ. అందువల్ల మజ్జలో ఉత్పత్తి కుంటుపడగానే ముందుగా తగ్గేవి న్యూట్రోఫిల్ కణాలే. డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి ఇచ్చిన 10-14 రోజులకు వాటి సంఖ్య కనిష్ఠానికి చేరి, 21వ రోజుకు సాధారణంగా కోలుకుంటుంది. మూడు వారాలకొక విడత ఇచ్చే పద్ధతికి ఇదే ప్రధాన ఆధారం.

3. మూలకణాలలో మిగిలే మార్పు

ఈ మందుల దెబ్బ ముఖ్యంగా వేగంగా విభజన చెందే కణాలపై పడుతుంది. నిద్రాణంగా ఉన్న మూలకణాలు చాలావరకు బతికి, మజ్జను తిరిగి నింపుతాయి. అయితే కొందరి మూలకణాలలో టీపీ53, పీపీఎం1డీ జన్యువుల ఉత్పరివర్తనాలు చికిత్సకు ముందే ఉండవచ్చు. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు తోటి కణాలు నశించినా ఇవి తట్టుకొంటాయి. కలుపుమందు చల్లిన చేనులో దాన్ని తట్టుకున్న కలుపే విస్తరించినట్లు, ఈ కణాల సంతతి మజ్జలో పెరుగుతుంది. అంటే మందు కొత్త మార్పులను కలిగించడమే కాక, పాత మార్పులకు అనుకూల పరిస్థితినీ కల్పిస్తుంది. ఈ దశలో రక్తకణాల సంఖ్య మామూలుగానే ఉండవచ్చు.

4. ద్వితీయ లుకేమియా

ఈ మార్పులు అరుదుగా తీవ్ర మైలాయిడ్ లుకేమియాకు దారితీస్తాయి. అది ప్రధానంగా రెండు విధాలు. సైక్లోఫాస్ఫమైడ్ వంటి మందుల వల్ల వచ్చేది సాధారణంగా 5-10 ఏళ్లకు కనిపిస్తుంది. దానికి ముందు మైలోడిస్‌ప్లాసియా దశ ఉంటుంది. 5, 7 క్రోమోజోముల లోపాలు తరచుగా కనిపిస్తాయి. డాక్సోరూబిసిన్ వర్గం మందుల వల్ల వచ్చేది 1-3 ఏళ్లలోనే, ఆ పూర్వదశ లేకుండానే బయటపడవచ్చు. ఇందులో 11వ క్రోమోజోములోని కేఎంటీ2ఏ జన్యువు తారుమారవుతుంది.

అమెరికాలో చికిత్స పొందిన 20,063 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై 2015లో వెలువడిన అధ్యయనంలో, మజ్జ సంబంధ క్యాన్సర్ల సంచిత రేటు 5 ఏళ్లకు 0.24 శాతం, 10 ఏళ్లకు 0.48 శాతం. ఐదేళ్లు గడిచినా ముప్పు ఆగిపోలేదని ఈ అంకెలు సూచిస్తున్నాయి.

5. ముగింపు

ముప్పు స్వల్పమే. అవసరమైన కీమోథెరపీని నిరాకరించడానికి అది కారణం కారాదు. కానీ చికిత్స ముగిసిన ఏళ్ల తరువాత కారణం తెలియని రక్తహీనత గాని, ప్లేట్‌లెట్ల తగ్గుదల గాని కనిపిస్తే, దానిని పోషకాహార లోపంగా మాత్రమే భావించి వదిలివేయరాదు. వాడిన మందులు, వాటి మోతాదుల వివరాలను రోగి భద్రపరచుకోవడం, కొత్త వైద్యునికి వాటిని చూపడం అందుకే అవసరం.